హెచ్.జి. వెల్స్: షుగర్ రోగుల కోసం జోలె పట్టిన ‘టైమ్ మెషీన్’ రచయిత

1934లో హెచ్.జి. వెల్స్‌కు 67 ఏళ్లు. ఆ ఏడాది మే నెలలో ఆయన వాషింగ్టన్‌ వెళ్లి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను కలిశారు. జులైలో మాస్కోలో స్టాలిన్‌తో గంటల తరబడి వాదించారు. అదే ఏడాది తన ఆత్మకథను కూడా అచ్చు వేశారు. ప్రపంచం ఎటు పోతోందో చెప్పమని పెద్ద పెద్దవాళ్లు అడిగే స్థాయి ఆయనది.

కానీ ఆ ఏడాది ఆయన చేసిన పనుల్లో ఇప్పటికీ రోజూ జనానికి ఉపయోగపడుతున్నది ఒక్కటే. అది రూజ్‌వెల్ట్‌తో భేటీ కాదు, స్టాలిన్‌తో వాదనా కాదు. లండన్‌లోని తన ఇంట్లో కొందరు డాక్టర్లనూ, కొందరు షుగర్ రోగులనూ ఒకచోట కూర్చోబెట్టి ఒక సంఘం పెట్టించడం. ఈ రోజు ‘డయాబెటిస్ యూకే’ పేరుతో పనిచేస్తున్న సంస్థ అక్కడే పుట్టింది.

గ్రహాంతరవాసుల దండయాత్ర, కనిపించని మనిషి, కాలంలో ప్రయాణించే యంత్రం వంటివి ఊహించిన రచయితగానే వెల్స్ మనకు తెలుసు. ఆయన జీవితంలోని ఈ చివరి అధ్యాయం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

బట్టల కొట్టులో కుర్రాడు

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ 1866 సెప్టెంబర్ 21న లండన్ దగ్గరి బ్రోమ్లీలో పుట్టారు. తండ్రి జోసెఫ్ పింగాణీ సామాను, క్రీడా సామగ్రి అమ్మే చిన్న దుకాణం నడిపేవారు. దుకాణం సరిగా సాగేది కాదు. డబ్బు తీసుకుని క్రికెట్ ఆడటం వల్ల వచ్చే ఆదాయమే ఆ ఇంటికి ఆసరా. 1877లో ఆయన తొడ ఎముక విరిగింది. దాంతో ఆటా పోయింది, ఆ ఆదాయమూ పోయింది. తల్లి సారా పెళ్లికి ముందు పెద్దింట్లో పనిమనిషి. ఇల్లు గడవక మళ్లీ అదే ఇంటికి పనుల పర్యవేక్షణకు వెళ్లారు.

కొడుకును బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి పెట్టారు. రోజుకు 13 గంటల చాకిరీ. మధ్యలో కొన్నాళ్లు ఒక మందుల షాపులోనూ పనిచేశారు. ఈ రెండూ ఆయనకు నచ్చలేదు. 1883లో బట్టల కొట్టు వదిలేసి, పాఠాలు చెబుతూ చదువుకునే అవకాశం ఉన్న ఒక బడిలో చేరారు. మరుసటి ఏడాది స్కాలర్‌షిప్‌తో లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో సీటు వచ్చింది. అక్కడ జీవశాస్త్రం చెప్పింది థామస్ హెన్రీ హక్స్‌లీ. డార్విన్ సిద్ధాంతం తరఫున ఇంగ్లండ్ అంతటా గొంతెత్తిన మనిషి. మనిషి దేహం కూడా ప్రకృతి నియమాల ప్రకారమే నడుస్తుందని, దాన్ని పరిశోధించి అర్థం చేసుకోవచ్చని వెల్స్‌కు నమ్మకం కలిగింది అక్కడే.

జబ్బుతో పరిచయం కూడా తొందరగానే మొదలైంది. 1887లో వేల్స్‌లో ఒక బడిలో పంతులుగా ఉన్నప్పుడు, ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బకు ఆయన మూత్రపిండం దెబ్బతింది. తర్వాత నోట్లోంచి రక్తం పడింది. డాక్టర్లు క్షయ అని అనుమానించారు. ఇరవై ఒకటో ఏట మంచాన పడి, ఎన్నాళ్లు బతుకుతానో తెలియని స్థితిలో చాలాకాలం గడిపారు. ఆయన మొదట అచ్చు వేసిన పుస్తకం కూడా నవల కాదు. 1893లో వచ్చిన జీవశాస్త్ర పాఠ్యపుస్తకం.

బలహీనుల మీద కనికరం లేని పుస్తకం

1895లో ‘ది టైమ్ మెషీన్’ వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లలోనే ‘ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో’, ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’, ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ వరుసగా వచ్చాయి. పేరూ డబ్బూ రెండూ వచ్చాయి.

1901లో ఆయన భవిష్యత్తు గురించి ‘యాంటిసిపేషన్స్’ అనే పుస్తకం రాశారు. రైళ్లు, రోడ్లు, నగరాలు, యుద్ధాలు ఎలా మారతాయో అందులో చెప్పారు. చాలా అంచనాలు నిజమయ్యాయి. కానీ ఆ పుస్తకం చివర్లో వచ్చే భాగం ఇవాళ చదివితే ఒళ్లు జలదరిస్తుంది. రాబోయే ఆదర్శ రాజ్యం బలహీనుల మీద, సంతానానికి సంక్రమించే జబ్బులున్నవారి మీద జాలి చూపదనీ, వాళ్ల సంఖ్య పెరగనివ్వదనీ ఆయన రాశారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో చదువుకున్నవాళ్లలో చాలామందికి ఇలాంటి భావాలే ఉండేవి. కానీ క్షయ అనే అనుమానంతో మంచం పట్టి లేచిన మనిషి కలం నుంచి ఈ మాటలు రావడం విచిత్రం.

1909లో వచ్చిన ‘టోనో-బంగే’ నవలలో మరో వెల్స్ కనిపిస్తారు. పనికిమాలిన టానిక్‌ను ప్రకటనల బలంతో అమ్మి కోట్లకు పడగెత్తిన ఒక మందుల వ్యాపారి కథ అది. జబ్బు చేసిన మనిషి ఆశను ఎలా సొమ్ము చేసుకుంటారో ఆ నవల చూపించింది. నిజమైన మందుకూ, సీసాలో పోసిన అబద్ధానికీ తేడా ఏమిటనేది ఆయనకు అప్పటి నుంచే ముఖ్యమైన ప్రశ్న.

ఇన్సులిన్ రాకముందు, వచ్చాక

వెల్స్ నవలలు రాస్తున్న రోజుల్లో చిన్నపిల్లలకు షుగర్ వచ్చిందంటే అది మరణశిక్షే. ఇప్పుడు టైప్ 1 అంటున్న ఈ జబ్బులో క్లోమ గ్రంథి ఇన్సులిన్ తయారు చేయడం మానేస్తుంది. తిన్న తిండి రక్తంలో చక్కెరగా చేరుతుంది కానీ ఒంటికి పట్టదు. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, రోజురోజుకూ చిక్కిపోవడం, చివరికి స్పృహ తప్పడం. తిండి బాగా తగ్గించి పిల్లలను ఆకలితో ఉంచితే కొన్ని నెలలో, ఒకటి రెండేళ్లో ఎక్కువ బతికేవారు. అస్థిపంజరాల్లా మారిన పిల్లల పక్కన తల్లులు కూర్చుని ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేదు.

1921లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కలిసి, మెక్‌లియాడ్ ప్రయోగశాలలో ఇన్సులిన్‌ను వేరు చేశారు. జేమ్స్ కాలిప్ దాన్ని శుద్ధి చేశారు. 1922 జనవరిలో 14 ఏళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ కుర్రాడు కోలుకున్నాడు. పేటెంట్ హక్కును ఒక్కొక్కరు ఒక్క డాలర్‌కే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు.

ఆ మందు బ్రిటన్‌కు చేరిన తొలి రోజుల్లో దాని వల్ల బతికిన వాళ్లలో ఒకరు తర్వాత వెల్స్ జీవితంలోకి వచ్చారు. ఆయన పేరు రాబర్ట్ డేనియల్ లారెన్స్. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో 1892లో పుట్టిన డాక్టర్. 1920లో శవం మీద చెవి వెనక ఎముక ఆపరేషన్ సాధన చేస్తుండగా ఎముక ముక్క ఎగిరి కంట్లో పడింది. కన్ను చీము పట్టింది. వైద్యం చేస్తున్నప్పుడు పరీక్షల్లో షుగర్ బయటపడింది. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు.

ఎక్కువ కాలం బతకనని లారెన్స్‌కు తెలుసు. ఇంట్లోవాళ్ల కళ్ల ముందు చనిపోవడం ఇష్టం లేక ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లి, అక్కడ చిన్న ప్రాక్టీసు పెట్టుకున్నారు. చలికాలంలో దగ్గు, జ్వరంతో పరిస్థితి విషమించింది. 1923 మే నెలలో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలోని సహచరుడి నుంచి టెలిగ్రాం వచ్చింది. ఇన్సులిన్ దొరికింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని దాని సారాంశం. కాళ్లలో సత్తువ లేకున్నా ఎలాగోలా లండన్ చేరారు. మే 31న మొదటి ఇంజెక్షన్ పడింది. ఆ తర్వాత మరో 45 ఏళ్లు బతికారు.

బతికిన ఆ జీవితాన్ని ఆయన కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలోని షుగర్ విభాగానికే ఇచ్చారు. 1925లో రోగులకూ డాక్టర్లకూ పనికొచ్చేలా ‘ది డయాబెటిక్ లైఫ్’ రాశారు. ఏం తినాలో, ఎంత తినాలో లెక్క వేసుకోవడానికి ఒక సులువైన పద్ధతి తయారు చేశారు. ఆయనకు తెలిసిన సంగతి ఒకటుంది. ఇన్సులిన్ రోగాన్ని నయం చేయదు. ఊపిరి నిలబెడుతుంది, అంతే. మిగిలిన పనంతా రోగి చేతుల్లోనే ఉంది.

పత్రికకు ఒక లేఖ

1930 దశకం మొదట్లో వెల్స్‌కు షుగర్ ఉన్నట్టు తేలింది. ఆయనది వయసు మళ్లాక వచ్చే రకం. చిన్నపిల్లలకు వచ్చేంత ప్రమాదకరమైనది కాదు. వైద్యం కోసం లారెన్స్ దగ్గరికి వెళ్లారు. డాక్టరూ రోగీ ఇద్దరికీ ఒకే జబ్బు. అలా మొదలైన పరిచయం స్నేహంగా మారింది.

కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి అప్పట్లో విరాళాల మీద నడిచే సంస్థ. పేదలకు వైద్యం ఉచితం లేదా నామమాత్రం. షుగర్ విభాగానికి వచ్చే రోగులు ఏటేటా పెరుగుతున్నారు. ఎందుకంటే ఇన్సులిన్ వచ్చాక వాళ్లు చనిపోవడం లేదు, జీవితాంతం వస్తూనే ఉన్నారు. మందు విజయవంతమయ్యేకొద్దీ ఆసుపత్రికి ఇరుకు, ఖర్చు పెరిగాయి.

1933లో వెల్స్ ‘ది టైమ్స్’ పత్రికకు లేఖ రాశారు. సాయం అడిగింది అందరినీ కాదు. ఇన్సులిన్ వల్ల బతికి, డబ్బు ఇవ్వగల స్థితిలో ఉన్న షుగర్ రోగులను అడిగారు. పదేళ్ల కిందట అయితే మనమంతా ఈపాటికి లేకుండా పోయేవాళ్లం, ఈ అదృష్టం దక్కినవాళ్లు అది అందనివాళ్ల కోసం ఏదైనా చేయాలన్నది ఆ లేఖ సారాంశం. ఆ రోజుల్లో షుగర్ ఉందని బయటికి చెప్పుకోవడానికి జనం జంకేవారు. ఉద్యోగం పోతుందేమో, పెళ్లి కాదేమో, బీమా రాదేమో అన్న భయం. అలాంటి సమయంలో దేశంలో అందరికీ తెలిసిన రచయిత తన పేరుతో, తన జబ్బు సంగతి చెప్పి జోలె పట్టడం చిన్న విషయం కాదు.

ఆ విజ్ఞప్తికి స్పందన వచ్చింది. దాంతో వెల్స్, లారెన్స్ ఇంకో అడుగు వేశారు. ఒక ఆసుపత్రికి ఒకసారి విరాళం ఇస్తే సరిపోదు, రోగులు తమ కోసం తామే ఒక సంఘంగా ఏర్పడాలని నిర్ణయించారు. 1934 జనవరిలో అదే పత్రికలో మరో లేఖ వచ్చింది. ఆ ఏడాదే డయాబెటిక్ అసోసియేషన్ ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు వెల్స్.

రోగీ డాక్టరూ ఒకే బల్ల దగ్గర

ఇలాంటి ప్రయత్నం ప్రపంచంలో ఇదే మొదటిది కాదు. పోర్చుగల్‌లోని లిస్బన్‌లో 1926లోనే డాక్టర్ ఎర్నెస్టో రోమా పేద షుగర్ రోగుల కోసం ఒక సంఘం పెట్టారు. అయితే లండన్ సంఘంలో ఒక ప్రత్యేకత ఉంది. అందులో రోగులు కేవలం సాయం అందుకునేవాళ్లు కాదు, సభ్యులు. డాక్టర్లతో సమానంగా కూర్చుని మాట్లాడేవాళ్లు. జబ్బు మీద అధ్యయనాన్ని ప్రోత్సహించడం, దాని గురించి తెలిసిన విషయాలను జనంలోకి తీసుకెళ్లడం, సరైన వైద్యం అందేలా చూడటం ఈ సంఘం పెట్టుకున్న లక్ష్యాలు. డబ్బున్నవాళ్లు ఎక్కువ ఇస్తారు, లేనివాళ్లకూ అందులో చోటుంటుంది.

ఆ రోజుల్లో ఇన్సులిన్ మీద బతకడమంటే ఎంత పనో ఇప్పుడు ఊహించడం కష్టం. గాజు సిరంజి, లావుపాటి సూది. వాడిన ప్రతిసారీ మరిగించాలి లేదా స్పిరిట్‌లో ఉంచాలి. సూది మొద్దుబారితే నూరుకోవాలి. రక్తంలో చక్కెర ఎంతుందో ఇంట్లో చూసుకునే దారి లేదు. మూత్రంలో బెనెడిక్ట్ ద్రావణం కలిపి వేడి చేస్తే, నీలం రంగు అలాగే ఉంటే చక్కెర లేనట్టు, ఇటుక రంగుకు తిరిగితే బాగా ఉన్నట్టు. ఆకుకూర నుంచి రొట్టె ముక్క దాకా తూకం వేసుకుని తినాలి. ఏడేళ్ల పిల్లకు ఇవన్నీ చేయాల్సింది ఇంట్లోని తల్లే. ఆమెకు నేర్పేవాళ్లు కావాలి. తనలాంటి తల్లి ఇంకొకరు ఉన్నారన్న ధైర్యం కావాలి.

సంఘం ఆ పని మొదలుపెట్టింది. 1935లో ‘ది డయాబెటిక్ జర్నల్’ అనే పత్రిక తెచ్చింది. పిల్లలకు సెలవుల్లో శిబిరాలు, ఊరూరా స్వచ్ఛంద బృందాలు తర్వాత వచ్చాయి. సొంత అనుభవాన్నే మరొకరికి సాయంగా అందించే స్వచ్ఛంద సేవ అది. ఆ సేవ చేయడానికి డిగ్రీ అక్కర్లేదు, జబ్బుతో రోజూ వేగిన అనుభవం చాలు.

దీని అవసరం ఎంతో తెలియాలంటే అప్పటి బ్రిటన్ చట్టం చూడాలి. 1911 నాటి జాతీయ బీమా చట్టం కింద ఉద్యోగం చేసే కార్మికుడికి డాక్టరూ మందులూ అందేవి. అతని భార్యకూ పిల్లలకూ అందేవి కావు. అంటే షుగర్ ఉన్న పిల్లాడికి ఇన్సులిన్ కావాలంటే తండ్రి కొనాలి, లేదా ధర్మాసుపత్రి గుమ్మం ఎక్కాలి. రోజూ కావాల్సిన మందు విషయంలో ఒకరి దయ మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో లారెన్స్‌కు, వెల్స్‌కు బాగా తెలుసు. ప్రభుత్వమే అందరికీ వైద్యం అందించాలన్న వాదనకు ఆ సంఘం తర్వాత మద్దతుగా నిలిచింది.

1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ అనే లండన్ వైద్యుడు, షుగర్ అంటే ఒకే జబ్బు కాదని, ఇన్సులిన్‌కు స్పందించే తీరును బట్టి రెండు రకాలుగా ఉంటుందని చూపించారు. ఈ రోజు టైప్ 1, టైప్ 2 అని చెప్పే తేడాకు అది తొలి మెట్టు. వెల్స్ ఒక రకం, లారెన్స్ ఇంకో రకం. వాళ్లు పెట్టిన సంఘం మాత్రం ఇద్దరిదీ.

హక్కుల పత్రం, గాంధీ జవాబు

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక వెల్స్ మళ్లీ ‘ది టైమ్స్’కు లేఖ రాశారు. ఈసారి అడిగింది విరాళం కాదు. మనం దేనికోసం పోరాడుతున్నామో రాతపూర్వకంగా చెప్పాలన్నారు. దాని ఫలితంగా లార్డ్ సాంకీ అధ్యక్షతన ఒక కమిటీ మానవ హక్కుల ప్రకటన తయారు చేసింది. 1940లో వెల్స్ ‘ది రైట్స్ ఆఫ్ మ్యాన్’ అనే చిన్న పుస్తకం అచ్చు వేశారు. అందులో మొదటి హక్కే తిండి, బట్ట, వైద్యం. ఏ మనిషికైనా, ఏ తేడా లేకుండా.

1901లో బలహీనులకు చోటు లేని రాజ్యాన్ని ఊహించిన మనిషి, 1940లో ప్రతి మనిషికీ వైద్యం హక్కు అని రాశారు. ఈ రెండు పుస్తకాల మధ్య ఒక ప్రపంచ యుద్ధం ఉంది, హిట్లర్ జర్మనీ ఉంది, లారెన్స్ క్లినిక్ బయట వరుసలో కూర్చున్న రోగులూ ఉన్నారు. పాత పుస్తకం లెక్క ప్రకారం ఆ వరుసలోని వాళ్లెవరికీ బతికే అర్హత లేదు. ఆ పుస్తకం రాసినాయనే ఇప్పుడు అదే వరుసలో ఉన్నారు.

ఆ హక్కుల పత్రాన్ని వెల్స్ గాంధీజీకీ పంపారు. గాంధీ మెచ్చుకోలేదు. హక్కుల జాబితాతో కాకుండా మనిషి బాధ్యతల జాబితాతో మొదలుపెట్టాలని, బాధ్యతలు నెరవేరిస్తే హక్కులు వాటంతటవే వస్తాయని తిరుగు కబురు పంపారు. ఇద్దరి మధ్యా పైకి కనిపించే తేడా పెద్దదే. కానీ 1933లో వెల్స్ పత్రికకు రాసిన లేఖలో ఉన్నది గాంధీ చెప్పిన బాధ్యతే. బతికి బట్టకట్టినవాడు, బతకాల్సిన వాడికి బాకీ ఉన్నాడన్న మాట అది.

భారత్‌తో వెల్స్‌కు మరో లంకె కూడా ఉంది. ఆయన 1920లో రాసిన ‘ది అవుట్‌లైన్ ఆఫ్ హిస్టరీ’ని నెహ్రూ జైల్లో చదివారు. కూతురు ఇందిరకు ప్రపంచ చరిత్ర చెబుతూ రాసిన లేఖలకు ఆ పుస్తకం అండగా నిలిచింది.

ఆయన తర్వాత

యుద్ధకాలంలో లండన్ మీద బాంబులు పడుతున్నా వెల్స్ ఊరు వదల్లేదు. రీజెంట్స్ పార్క్ పక్కన హానోవర్ టెర్రస్‌లోని ఇంట్లోనే ఉన్నారు. 1914లో తాను నవలలో ఊహించిన అణుబాంబు హిరోషిమా మీద నిజంగా పడటం కూడా చూశారు. 1946 ఆగస్టు 13న ఆ ఇంట్లోనే కన్నుమూశారు. దాదాపు రెండేళ్ల తర్వాత 1948 జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. ఇన్సులిన్ కోసం తండ్రి జేబు, ధర్మాసుపత్రి గుమ్మం చూడాల్సిన అవసరం ఆ రోజుతో తీరింది. అది వెల్స్ చూడలేదు, లారెన్స్ చూశారు. 1950లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు లారెన్సే. ఆయన 1968లో మరణించారు.

వాళ్ల సంఘం 1954లో బ్రిటిష్ డయాబెటిక్ అసోసియేషన్‌గా, 2000లో డయాబెటిస్ యూకేగా పేరు మార్చుకుంది. ఆ దేశంలో షుగర్ పరిశోధనకు నిధులిచ్చే ప్రధాన స్వచ్ఛంద సంస్థల్లో ఇప్పుడది ఒకటి. 1970లో అమెరికాలో టైప్ 1 పిల్లల తల్లిదండ్రులు కలిసి పరిశోధనకు నిధులు సేకరించే సంస్థ పెట్టుకున్నప్పుడు నడిచిందీ ఇలాంటి బాటలోనే. జబ్బు అనుభవిస్తున్న ఇంటివాళ్లే పరిశోధనకు డబ్బు పోగుచేశారు.

ఈ కథ మన దేశానికి దూరమైనది కాదు. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న దేశాల్లో భారత్ ముందుంది. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇన్సులిన్ సీసాను తడి మట్టి కుండలో దాచే తల్లులు ఇక్కడున్నారు. ఇన్సులిన్, సూదులు, పరీక్ష స్ట్రిప్పులు నెలనెలా కొనలేక డోసు తగ్గించే కుటుంబాలున్నాయి. ఆడపిల్లకు షుగర్ అని తెలిస్తే పెళ్లి కాదని దాచిపెట్టడం కూడా ఉంది. 1933 నాటి లండన్ భయాలు ఇక్కడ ఇంకా పాతబడలేదు.

ఏటా నవంబర్ 14న మన బడుల్లో నెహ్రూ పుట్టినరోజును బాలల దినోత్సవంగా జరుపుకుంటారు. అదే రోజు ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టినరోజు. అందుకే అది ప్రపంచ మధుమేహ దినం కూడా. పిల్లల పండుగా, పిల్లలను బతికించిన మందు పండుగా ఒకే రోజు రావడం యాదృచ్ఛికమే. ఆ రోజు పూలు, మిఠాయిలు పంచే బడిలోనే, మిఠాయి తినే ముందు సూది వేసుకోవాల్సిన పిల్ల ఒకరు ఉండొచ్చు. ఆ పిల్ల సంగతి క్లాసులో ఎవరికైనా తెలుసా, సాయం చేయడానికి పక్కన ఎవరైనా ఉన్నారా అన్నదే వెల్స్ తన చివరి రోజుల్లో పెట్టిన సంఘం అడిగిన ప్రశ్న.